అమ్మతో రాయవేలూరు దారిలో

అమ్మకు క్యాన్సర్ అని తేలిన రోజు మా ఇంట్లో మొదటి తగువు ఆ సంగతి అమ్మకు చెప్పాలా, వద్దా అనే దాని మీద వచ్చింది. డబ్బు గురించి, ఏ ఆసుపత్రి అనేదాని గురించి తగువులు ఆ తరువాత వచ్చాయి. "చెప్తే అక్కడికక్కడే కుప్పకూలిపోతుంది, వద్దు" అని మా తమ్ముడూ, మేనమామా ఒకవైపు. చెప్పాల్సిందేనని నేనూ, మా మరదలూ ఇంకోవైపు. మావారు మధ్యలో... ఎప్పట్లాగే!

ఇది 2022 శ్రావణ మాసం నాటి మాట. మాది మదనపల్లె. అమ్మ ఉండేది పుంగనూరు దగ్గర పల్లెలో. నాన్న పోయి పదేళ్ళు దాటింది. రెండు జెర్సీ ఆవులు, ఎకరన్నర టమోటా తోట అమ్మ లోకం. అరవై నాలుగేళ్ళ వయసులో కూడా తెల్లవారుజామున నాలుగింటికి లేచి పాలు పిండి కేంద్రంలో పోసి వచ్చే మనిషి. తమ్ముడు కుప్పంలో ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. వరలక్ష్మీ వ్రతానికి అమ్మ కుప్పం వెళ్ళినప్పుడు బాత్రూంలో రక్తపు మరకలు చూసింది మా మరదలు. గట్టిగా నిలదీస్తే అప్పుడు బయటపడింది. ఎనిమిది నెలలుగా విరేచనంలో రక్తం పడుతోందట! మొలలనుకుని, వేడి చేసిందనుకుని మజ్జిగ తాగుతూ గడిపేసింది. 'ఆపరేషన్ లేకుండా మొలలు మాయం' అని బోర్డు పెట్టుకున్న ఒకాయన దగ్గర రెండుసార్లు ఇంజక్షన్ కూడా వేయించుకుంది. ఆయన ఒక్కసారైనా పరీక్ష చేసి చూడలేదు. అమ్మ కూడా చూపించి ఉండేది కాదనుకోండి. ఆడవాళ్ళం కదా, ఆ భాగం గురించి డాక్టరుకి చెప్పాలంటేనే మనకు ప్రాణం పోయినంత పని.

అందుకే ముందు ఈ నాలుగు మాటలు వినండి. విరేచనంలో రక్తం, వెళ్ళొచ్చాక కూడా ఇంకా వెళ్ళాలనిపించడం, మలం సన్నగా రావడం, ఎన్నడూ లేనిది మలబద్ధకమో విరేచనాలో పట్టుకుని వారాల తరబడి వదలకపోవడం, ఊరికే ఒళ్ళు తగ్గిపోవడం, రక్తహీనత. ఇవన్నీ మొలలే అయి ఉండొచ్చు. చాలామందికి మొలలే. కానీ కాకపోతే? నలభై దాటిన వాళ్ళకు ఇలా ఉంటే చూడకుండా మందు ఇచ్చే వాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. కిందిభాగంలో ఉన్న గడ్డలు చాలావరకు డాక్టరు గ్లౌజు వేసుకుని వేలితో చూస్తేనే తగులుతాయి. రెండు నిమిషాల పని. లేడీ డాక్టరే కావాలంటే అడగండి, తప్పేం లేదు.

మద్రాసు అడయారు క్యాన్సర్ ఆసుపత్రి గురించి మీలో చాలామంది వినే ఉంటారు. 1954లో దాన్ని మొదలుపెట్టింది డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు. 1912లోనే మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టరు చదువు పూర్తి చేసిన మహాతల్లి. ఆమె సొంత చెల్లెలికి వచ్చింది కూడా మా అమ్మకు వచ్చినదే, మలద్వారానికి పైనుండే పేగులో క్యాన్సర్. జిగట విరేచనాలనుకుని వైద్యం చేశారట. అసలు జబ్బు తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది. 1920ల మొదట్లో సంగతి ఇది. డాక్టరు ఇంట్లోనే అలా జరిగింది! ఆ చెల్లెలి బాధ కళ్ళారా చూసి, ఈ జబ్బుకని ఒక ఆసుపత్రి కట్టాలని ఆవిడ ముప్ఫై ఏళ్ళు తిరిగింది. ఆ తరువాత డాక్టర్ శాంత గారు, 2021లో కన్నుమూసేవరకు, ఆ ఆసుపత్రికే జీవితం ధారపోశారు.

సరే, మా కథకు వస్తాను. కుప్పంలో పి.ఇ.ఎస్. మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది కాబట్టి తమ్ముడు అక్కడికే తీసుకెళ్ళాడు. వేలితో చూసిన డాక్టరు వెంటనే కొలనోస్కోపీ రాశారు. సన్నటి గొట్టం లాంటిది లోపలికి పంపి పేగంతా చూసి, గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం అన్నమాట. వారానికి రిపోర్టు వచ్చింది.

'గడ్డ' అని చెప్పిన వారం

ఆ తగువులో మొదట మగవాళ్ళే నెగ్గారు. వారం రోజులు అమ్మకు 'గడ్డ' అనే చెప్పాం. ఆ వారం ఇంట్లో ఎవరం మామూలుగా లేం. తమ్ముడు ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళి మాట్లాడేవాడు. అమ్మ గదిలోకి రాగానే టీవీ సౌండు పెరిగేది. అడక్కుండానే అమ్మకి ఇష్టమని అరిసెలు వచ్చాయి. ఇవన్నీ చూసి గ్రహించలేనంత అమాయకురాలా, ఇద్దరు పిల్లల్నీ ఒంటిచేత్తో పెళ్ళిళ్ళు చేసిన మనిషి?

రాయవేలూరులో డాక్టరు తమిళంలో నేరుగా అమ్మనే అడిగారు, మీకేం జబ్బో తెలుసా అని. కుప్పం, పుంగనూరు వైపు మనుషులకు తమిళం కొంచెం తగిలితే చాలు కదా. అమ్మ చెప్పిన జవాబు ఇది: "గడ్డ అన్నారు సార్. నా బిడ్డల మొకాలు చూస్తే గడ్డ మాదిరి లేదు. పెద్ద రోగమేనా?"

ఆయన ఔనన్నారు. నయం చెయ్యడానికి దారి ఉందని, అది సులువు కాదని కూడా చెప్పారు. అమ్మ కాసేపు చీర కొంగు చుట్టుకుంటూ కూర్చుంది. కుప్పకూలలేదు. బయటికి వచ్చాక తమ్ముడితో, "ఏం నాయనా, నా రోగం నాకు చెప్పకుండా ఎన్నాళ్ళు మోస్తామనుకుంటిరి?" అంది. వాడు బస్టాండు దాకా మాట్లాడలేదు.

మా ప్రాంతం వాళ్ళకు ఒక మాట చెప్పాలి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉంది కదా, 1915 నుంచి క్షయ రోగులకు శానటోరియం. డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ దొర మొదట పెద్ద డాక్టరుగా ఉండేవారు. మా అవ్వ చెప్పేది, అక్కడ ఎవరైనా చేరితే ఊళ్ళో 'పరగడ ఊరు పోయినారు' అనేవాళ్ళట. క్షయ అనే మాట నోట రానిచ్చేవాళ్ళు కాదు. పేరు దాచారు, మనుషులు ఆలస్యంగా చేరారు, ఆలస్యంగా చేరారు కాబట్టి పోయారు, పోయారు కాబట్టి పేరంటే ఇంకా భయం. ఇప్పుడు క్షయకి ఆ భయం లేదు. ఆ భయమంతా క్యాన్సర్ అనే మాటకి అంటుకుంది. చెప్పకపోతే ఇంకో కష్టం కూడా ఉంది. రేడియేషన్ అంటే ఏమిటో, వాంతులు ఎందుకో తెలియని మనిషి, 'ఈ మందులే నన్ను చంపుతున్నాయి' అని మధ్యలో మానేస్తుంది. చూసినవాళ్ళున్నారు.

ఎక్కడ చేయించాలి?

మా పడమటి వాళ్ళకు దారులు మూడు. పీలేరు మీదుగా తిరుపతి: అక్కడ స్విమ్స్ ఉంది, 2022 మే నెలలో టాటా ట్రస్టుల సాయంతో వచ్చిన క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది. చింతామణి మీదుగా బెంగళూరు: అక్కడ 1973 నుంచి కిద్వాయ్ ఆసుపత్రి. పలమనేరు, చిత్తూరు మీదుగా రాయవేలూరు: సి.ఎం.సి. మా తాతల నాటి నుంచి ఇంట్లో ఏ పెద్ద జబ్బుకైనా 'రాయవేలూరుకి పోదాం' అనడం అలవాటు కాబట్టి అక్కడికే వెళ్ళాం. 1900లో ఐడా స్కడర్ దొరసాని ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. మగ డాక్టరు చెయ్యి తగలకూడదని ఇంట్లోవాళ్ళు పట్టుబడితే ఒకే రాత్రి ముగ్గురు బాలింతరాళ్ళు ప్రాణాలు పోగొట్టుకోవడం చూసి ఆవిడ డాక్టరు చదివింది. ఆ కథ నేను అమ్మకి వరండాలో చెప్పాను, పరీక్ష గదిలోకి వెళ్ళనని మొండికేసినప్పుడు. కథ పనిచేసిందో, నా నస భరించలేకో గానీ లేచి వెళ్ళింది.

నా అభిప్రాయం అడిగితే, పేరుని బట్టి కాదు, ఒక్క ప్రశ్నని బట్టి ఆసుపత్రి ఎంచుకోండి: ఎమ్మారై, రేడియేషన్, ఆపరేషన్, కీమో, అన్నీ చూసే డాక్టర్లు ఒకచోట కూర్చుని మీ కేసు మాట్లాడుకుంటారా? ఒకచోట ఆపరేషన్, ఇంకోచోట రేడియేషన్ అని తిరిగితే కాగితాలు మోసేది మనమే. ఇక రెండో అభిప్రాయం తీసుకోవడం డాక్టరుని అవమానించడం కాదు. తమ్ముడు రిపోర్టులు తీసుకుని కిద్వాయ్‌కి కూడా వెళ్ళాడు. వాళ్ళూ అదే వరస చెప్పారు. దానితో వాడి మనసు కుదుటపడింది, అది చాలు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024 నుంచి మళ్ళీ ఎన్టీఆర్ వైద్య సేవ అని పిలుస్తున్న పథకం ఉంది. ఏ ఆసుపత్రిలో, ఏ జబ్బుకి, ఎంతవరకు వర్తిస్తుందో చేరకముందే ఆరోగ్యమిత్రని అడగండి. చేరాక అడిగితే లాభం లేదు. ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టుకోవాలన్నా అసలు బిల్లులు కావాలి, జిరాక్సులు కుదరవు. మా విషయంలో నా చీటీ, తమ్ముడి అప్పు, ఒక ఆవు. ఆవును అమ్మిన రోజు అమ్మ ఏడ్చింది. క్యాన్సర్ అన్న రోజు ఏడవలేదు.

ఐదు వారాల కాపురం

ముందు రేడియేషన్, దానితోపాటు కాపెసిటబిన్ మాత్రలు, తరువాత రెండు మూడు నెలలు ఆగి ఆపరేషన్ అన్నారు. గడ్డ చిన్నదైతే ఆపరేషన్ శుభ్రంగా జరుగుతుందని. సోమవారం నుంచి శుక్రవారం దాకా, మొత్తం 25 రోజులు. యంత్రం కింద ఉండేది కొన్ని నిమిషాలే, దానికోసం పొద్దంతా కాచుకోవాలి. మూత్రాశయం నిండుగా ఉండాలని ముందు నీళ్ళు తాగిస్తారు. అమ్మకి అదే పెద్ద శిక్ష.

ఆసుపత్రి చుట్టుపక్కల లాడ్జీల్లో గది తీసుకుంటే స్టవ్వు, గిన్నెలు కూడా అద్దెకిస్తారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు! బెంగాలీలే ఎక్కువ. అంగళ్ళ మీద బోర్డులు కూడా బెంగాలీలో ఉంటాయి. పక్కగదిలో కలకత్తా నుంచి వచ్చిన ఆవిడ, నేను ఒకరి భాష ఒకరికి రాకుండా ఐదు వారాలు ఉప్పు, ఉల్లిపాయలు ఇచ్చిపుచ్చుకున్నాం.

మూడో వారం నుంచి అమ్మకి విరేచనాలు, మంట. ఇక్కడే వంట తెలిసినవాళ్ళం మనం పనికొస్తాం. రాగి సంగటి, వేరుశనగ ఊరుబిండి లేనిదే ముద్ద దిగని మనిషికి పీచు, కారం, పాలు తగ్గించమన్నారు. మెత్తగా ఉడికిన అన్నంలో పెసరకట్టు, వెన్న తీసిన పలుచటి మజ్జిగలో కాస్త ఉప్పు, అరటిపండు, ఇడ్లీ, సగ్గుబియ్యం జావ. రాగిపిండి మీద మనసు పోతుంటే, పిండిని నీళ్ళలో కలిపి పలుచటి గుడ్డలో వడగట్టి, ఆ తేటని జావ కాచి మజ్జిగ కలిపి ఇచ్చాను. పొట్టు గుడ్డలో ఉండిపోతుంది, రుచి గిన్నెలోకి వస్తుంది. అది అమ్మకి పండగ. గుడ్డు తెల్లసొన రోజుకి రెండు, మాంసకృత్తుల కోసం. మీ డాక్టరు, డైటీషియన్ చెప్పింది వేరే ఉంటే అదే వినండి, ఒక్కొక్కరి పేగు ఒక్కో తీరు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మా అమ్మకి ఆ వయసు దాటిపోయింది గానీ, ఇంకా నెలసరి ఉన్న ఆడవాళ్ళకి పొత్తికడుపు మీద రేడియేషన్ ఇస్తే అది ఆగిపోవచ్చు, పిల్లలు పుట్టే వీలు పోవచ్చు. పెళ్ళి కాని పిల్లలైనా, ఇంకా బిడ్డలు కావాలనుకునే వాళ్ళయినా మొదలుపెట్టకముందే డాక్టరుతో మాట్లాడాలి. సిగ్గుపడి ఊరుకుంటే తరువాత చేసేదేం ఉండదు.

బ్యాగా, కాదా?

దీపావళి తరువాత మేము ఇల్లు చేరాం. డిసెంబరులో మళ్ళీ ఎమ్మారై. కొందరికి గడ్డ పూర్తిగా మాయమవుతుందట. అలాంటి వాళ్ళకి ఆపరేషన్ చెయ్యకుండా, కొన్ని నెలలకోసారి గట్టిగా పరీక్షలు చేస్తూ కనిపెట్టుకుని ఉండే పద్ధతి కూడా వచ్చింది. అమ్మకి చిన్నదయింది గానీ పోలేదు.

అప్పుడు అసలు నిర్ణయం ముందుకొచ్చింది. గడ్డ మలద్వారానికి చాలా దగ్గర. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి రెండు దారులు చూపించారు. ఒకటి, మలద్వారంతో సహా తీసేసి పేగు కొసను పొట్టమీదికి తెచ్చి, జీవితాంతం బ్యాగ్ పెట్టడం. 1908లో లండన్‌లో మైల్స్ అనే సర్జన్ రాసిపెట్టిన ఆపరేషన్, ఈనాటికీ చేస్తున్నారు. రెండోది, చాలా కిందికి పేగుని జాగ్రత్తగా అతకడం. అందులో కూడా అతుకు మానేదాకా కొన్ని నెలలు బ్యాగ్ తప్పదు. తరువాత బ్యాగ్ ఉండదు గానీ, ఆ వయసులో, రేడియేషన్ అయిన పేగుకి పట్టు సరిగా ఉండకపోవచ్చు, రోజుకి ఎన్నోసార్లు పరుగెత్తాల్సి రావచ్చు. అమ్మ విషయంలో ఆయన మొదటిదాని వైపే మొగ్గారు, కానీ రెండోది అసలు కుదరదని మాత్రం అనలేదు.

తమ్ముడికి రెండోదే కావాలి. "అమ్మకి పొట్టమీద బ్యాగా? పదిమందిలో ఎట్లా తిరుగుతుంది?" అని వాడి బాధ. నాకు తేల్చుకోవడం చేతకాలేదు. అమ్మ మాత్రం డాక్టరుని అడగాల్సినవి అడిగింది. బ్యాగ్‌తో పాలు పిండొచ్చా? బస్సెక్కొచ్చా? వాసన వస్తుందా? దేవుడి దగ్గర దీపం పెట్టొచ్చా? చివరిదానికి ఆయన నవ్వి, స్టోమా నర్సు దగ్గరికి పంపారు. ఆవిడ బ్యాగ్ తెచ్చి చేతికిచ్చింది. సరిగ్గా అతికిస్తే వాసన బయటికి రాదని, స్నానం చెయ్యొచ్చని, దేవుడికి లేని అభ్యంతరం మనకెందుకని అంది.

రెండు రోజులు ఆలోచించి అమ్మ చెప్పింది. "మాటిమాటికీ దొడ్డికి పరుగెత్తే దానికంటే సంచే మేలు. తోటలో ఉంటా, బస్సులో ఉంటా, యాడికని పరుగెత్తేది? సంచి అయితే నా చేతిలో ఉంటాది." తమ్ముడు ఇంకేదో అనబోతే, "మోసేది నేను గదా నాయనా" అంది.

అందరూ ఇదే ఎంచుకోవాలని నేననను. వయసు, ఉద్యోగం, గడ్డ ఉన్న చోటు, అన్నీ చూసుకోవాలి. బ్యాగ్ లేకుండా ఉండడం కోసం ఆ ఇబ్బంది పడడానికి సిద్ధపడే వాళ్ళుంటారు, అదీ న్యాయమే. నిర్ణయం మాత్రం ఆ ఒంటితో బతకాల్సిన మనిషిది.

ఆ సంచి వెనక కూడా ఒక అక్కచెల్లెళ్ళ కథ ఉంది. 1954లో డెన్మార్క్‌లో (చూశారా, మళ్ళీ డెన్మార్కే!) ఎలీస్ సోరెన్‌సెన్ అనే నర్సు. ఆమె తోబుట్టువు థోరాకి ఇదే ఆపరేషన్ జరిగింది. లీకవుతుందనే భయంతో థోరా గడప దాటడం మానేసింది. అది చూడలేక ఎలీస్, ఒంటికి అతుక్కునే, వాడి పారేసే సంచి ఒకటి ఊహించింది. ఒక ప్లాస్టిక్ తయారీదారు భార్య, ఆవిడ కూడా నర్సే, తన భర్తని ఒప్పించి చేయించింది. ఇవాళ మా అమ్మ వాడేది ఆ పద్ధతిదే.

లంగా బొందు లెక్క

సంక్రాంతి వెళ్ళాక, 2023 జనవరిలో ఆపరేషన్. ముందురోజు నర్సు వచ్చి అమ్మని నిలబెట్టి, కూర్చోబెట్టి, వంగమని, చీర కట్టుకోమని, పొట్టమీద పెన్నుతో గుర్తు పెట్టింది. లంగా బొందు బిగిసే చోట, మడతపడే చోట రంధ్రం ఉండకూడదు, అమ్మ కంటికి కనబడేలా ఉండాలి. ఇది చిన్న విషయం కాదు సుమా! మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అనుకుంటే, గుర్తు పెట్టారా అని అడగండి. చీర కట్టేవాళ్ళని చీర కట్టుకునే రమ్మని చెప్పండి.

పొద్దున తీసుకెళ్ళిన మనిషిని సాయంత్రానికి ఐ.సి.యు.లో చూపించారు. ఆ పగటి గురించి రాయడానికేం లేదు, ఎదురుచూడడమే. రెండో రోజే లేపి నడిపించారు. మూడు బంతుల యంత్రంతో ఊపిరి పీల్చే వ్యాయామం గంటగంటకీ. అసలు కష్టం కింది కుట్లది. రేడియేషన్ తగిలిన చోటు కాబట్టి మానడానికి రెండు నెలలు పైనే పట్టింది. గట్టి పీట మీద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు. మధ్యలో చిల్లి ఉండే రింగు దిండు వాడొద్దని, మెత్తటి మామూలు దిండు వాడి, ఒక పక్కకి ఒరిగి కూర్చోమని నర్సు చెప్పింది. బరువులెత్తితే పొట్ట దగ్గర హెర్నియా వస్తుంది, బిందె కూడా ఎత్తకూడదు.

పేగు కొస ఎర్రగా, తడిగా, బుగ్గ లోపలివైపులా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి ఉండదు. మొదటి నాలుగు రోజులు అమ్మ అటు చూడలేదు. నర్సు పట్టుబట్టి ఇద్దరికి నేర్పింది, నాకూ, తమ్ముడికీ. "కొడుకు చేత చేయించుకోనా?" అని అమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది. తమ్ముడు మాత్రం బ్యాగు మార్చడం లెక్కల్లాగే శ్రద్ధగా నేర్చుకున్నాడు. అట్టముక్క మీద సైజు గీసుకుని, అతికే బిళ్ళకి సరిగ్గా అంత రంధ్రం కత్తిరించేవాడు. పెద్దదైతే చర్మం ఒరుసుకుపోతుంది, చిన్నదైతే పేగు నొక్కుకుంటుంది. మామూలు నీళ్ళతో తుడిచి, బాగా ఆరనిచ్చి అతికించాలి. నూనె, క్రీము తగిలితే అతకదు. మూడోవంతు నిండగానే ఖాళీ చేసెయ్యాలి. బిళ్ళని మూడు నుంచి ఐదు రోజులకోసారి మార్చుకోవచ్చు. ఆరో వారానికల్లా అమ్మ మా ఇద్దర్నీ గది బయటికి పంపేసి తానే మార్చుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు లంగా బొందు కాస్త పైకి కడుతుంది. చూసినవాళ్ళకు ఏమీ తెలియదు.

ఆపరేషన్ తరువాత వచ్చిన రిపోర్టులో ఒక గ్రంథికి జబ్బు పాకిందని ఉంది. మూడు వారాలకోసారి సూదిమందు, దానితో మాత్రలు, నాలుగు నెలలు అన్నారు. మార్చి నుంచి మొదలు, ఎండాకాలం. ఆ సూదిమందు గుణమేమిటంటే, చల్లనిది ఏది తగిలినా వేళ్ళు జివ్వున లాగుతాయి, గొంతు పట్టేస్తుంది. మండే ఎండల్లో అమ్మ గోరువెచ్చటి నీళ్ళు తాగింది! ఫ్రిజ్ తలుపు తియ్యనివ్వలేదు. మాత్రల వల్ల అరచేతులు, పాదాలు ఎర్రబడి పొట్టు లేచాయి. మరీ వేడినీళ్ళూ పనికిరావు. వాసెలీన్ రాసి, నూలు మేజోళ్ళు తొడిగాం. జ్వరం 100.4 దాటితే రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళాలన్నారు, పారాసిటమాల్ మింగి పడుకోకూడదు. థర్మామీటరు తలకింద పెట్టుకుని పడుకున్నాను.

మూడో విడత తరువాత వేళ్ళ తిమ్మిరి తగ్గనే లేదు. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయింది. 'చెప్తే మందు ఆపేస్తారేమో' అని అమ్మే దాచబోయింది. నేను హుక్కుల సంగతి డాక్టరు ముందు పెట్టేశాను. ఆయన సూదిమందు ఆపేసి మాత్రలు మాత్రం కొనసాగించారు. అలా మధ్యలో మార్చితే వైద్యం చెడిపోయినట్టు కాదని, తిమ్మిరి శాశ్వతంగా ఉండిపోవడమే ప్రమాదమని చెప్పారు. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఏ రోజు ఏమి తినలేదు, ఎన్నిసార్లు విరేచనం, ఎక్కడ నొప్పి, అడగాల్సిన ప్రశ్నలు. డాక్టరు ఎదుట కూర్చోగానే అన్నీ మరిచిపోతాం, ఎవరైనా అంతే.

చూడ్డానికి వచ్చేవాళ్ళ గురించి ఒక్క మాట. పదకొండు హార్లిక్స్ సీసాలు వచ్చాయి. వాటితోపాటు 'మా ఆడపడుచు తోడికోడలుకి ఇదే వచ్చి మూణ్ణెల్లలో పోయింది' లాంటి కబుర్లు కూడా. ఎవరో ఆకుపసరు తెచ్చారు, కీమో మానేసి అది తాగమని. హార్లిక్స్ ఉంచుకుని మిగతావి గుమ్మంలోనే ఆపే పని మా అమ్మాయికి అప్పగించాను. ఇంటర్ చదువుతోంది, మర్యాదగా గెంటెయ్యడం దానికి బాగా వచ్చు. నిజంగా సాయం చెయ్యాలంటే ఒక పూట రోగి దగ్గర కూర్చుని, ఇంటావిడని నిద్రపోనివ్వండి. పక్కింటి పిన్ని గారు అలా వారానికి రెండు మధ్యాహ్నాలు కూర్చున్నారు. మావారు ఆ ఏడాదిలో ఉప్మా, చారు నేర్చుకున్నారు. ఉప్మా ఫరవాలేదు.

2023 చలికాలంలో అనపకాయలు రాగానే అమ్మ పితికిపప్పు అడిగింది. గ్యాస్ పుట్టించే వాటిలో మొదటి పేరు అదే, బ్యాగ్ బుడగలా ఉబ్బుతుంది. నర్సు చెప్పినట్టు మొదటిరోజు రెండు చెంచాలు, ఏమీ కాకపోతే మరునాడు ఇంకాస్త, బాగా నమిలి. అలా వారంలో గిన్నెడు తినేసింది. ఉబ్బిన రోజు ఇంట్లోనే ఉంటుంది, అంతే. ఆ నెలలోనే బోయకొండ గంగమ్మ దగ్గరికి కూడా వెళ్ళి వచ్చింది, చేతిసంచిలో ఒక బ్యాగ్ ఎక్కువ పెట్టుకుని. ఉన్న ఒక్క ఆవుకి పాలు పిండేది ఇప్పుడు కూలిమనిషి. అమ్మ కుర్చీ వేసుకుని పక్కన కూర్చుని ఆ అమ్మాయికి తప్పులు పడుతుంటుంది.

పరీక్షలు నడుస్తున్నాయి. మొదటి రెండేళ్ళు కొన్ని నెలలకోసారి రక్తపరీక్ష, అప్పుడప్పుడు స్కాను, ఏడాదికి కొలనోస్కోపీ అని రాశారు. ఇప్పటిదాకా వచ్చినవి శుభ్రంగా ఉన్నాయి. ప్రతిసారీ రిపోర్టు వచ్చేదాకా అమ్మ మామూలుగానే ఉంటుంది, నాకే అన్నం సహించదు.

తల్లికో తండ్రికో ఈ జబ్బు వస్తే బిడ్డలకి కూడా రావడానికి మామూలు కంటే ఎక్కువ అవకాశం ఉందట. అందుకని నలభై దాటిన బిడ్డలు, తోబుట్టువులు కొలనోస్కోపీ చేయించుకోవాలని, అమ్మానాన్నలకి చిన్నవయసులోనే వచ్చి ఉంటే ఇంకా ముందుగానే మొదలుపెట్టాలని డాక్టరు చెప్పారు. నేను చేయించుకున్నాను. ముందురోజు తాగే మందు నీళ్ళే కష్టం, ఉప్పుగా, వికారంగా, లీటర్ల కొద్దీ. పరీక్ష అంటారా, మత్తులో తెలియనే తెలియలేదు. మా మేనమామ కూడా, గొణుక్కుంటూనే, చేయించుకున్నాడు. తమ్ముడు మాత్రం స్కూలు పరీక్షలంటాడు, పేపర్లు దిద్దాలంటాడు. ఈసారి అమ్మ చెకప్ రోజునే వాడి పేరు కూడా రాయించాను. ఆ సంగతి వాడికింకా తెలియదు.